ఓడలు రాని రేవులు

సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికీ, సముద్రాన్ని నమ్ముకుని బతికిన ఊరికీ తేడా ఉందని నాకు మొదట చెప్పినవారు మా నాన్నగారు. విజయనగరం రైల్వే స్టేషనులో ఆయన గూడ్సు క్లర్కుగా పనిచేసేవారు. ఏ సరుకు ఎక్కడ పండి, ఏ దారిన, ఎవరెవరి చేతులు మారి ఎక్కడికి చేరుతుందో తెలుసుకోవడం ఆయనకు ఉద్యోగమే కాదు, ఇష్టం కూడా. 1990ల మొదట్లో, ఫిబ్రవరిలో వచ్చిన ఒక రెండో శనివారం, మా కుటుంబమంతా కలిసి భీమిలికీ (భీమునిపట్నానికీ), మరునాడు అక్కడినుంచి కళింగపట్నానికీ వెళ్ళాము. పిల్లలం మేము అలల కోసం వెళ్ళాము. అమ్మ, పిన్ని ఇంటిపనికి కాస్త సెలవు దొరుకుతుందని సంబరపడ్డారు. నాన్నగారు మాత్రం రేవులు చూడడానికి వచ్చారు. ఆ రెండు ఊళ్ళూ నాకు ఈనాటికీ ఇంత ప్రియంగా ఉండడానికి కారణం ఆయన వాటిని చూసిన పద్ధతేనని నా నమ్మకం.

అయితే ఆ ప్రయాణానికి అసలు మూలం మా నాయనమ్మ. ఆవిడ పుట్టిల్లు వంశధార ఒడ్డున, కళింగపట్నానికి దగ్గరలోని ఒక పల్లె. ఆవిడ పెద్దన్నయ్య 1930లలో కళింగపట్నం రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారు. ఆ రోజులలో ఉత్తరాంధ్ర పల్లెలకు రంగూన్ పరాయి ఊరు కాదు. కోస్తా రేవులలో ఆగుతూ, జనాన్ని ఎక్కించుకుంటూ బంగాళాఖాతం దాటే స్టీమర్లు వేలాదిమందిని బర్మాలోని బియ్యపు మిల్లులకూ, రేవు పనులకూ చేరవేసేవి. అన్నయ్యను సాగనంపడానికి నాయనమ్మ చిన్నపిల్లగా ఆ ఒడ్డుదాకా వెళ్ళిందట. పెళ్ళయి విజయనగరం వచ్చిన తరువాత పుట్టింటికి వెళ్ళి వచ్చేది గానీ, పనిగట్టుకుని సముద్రం దాకా తీసుకువెళ్ళేవారు ఎవరున్నారు? "ఒక్కసారి ఆ ఒడ్డు చూపించరా బాబూ" అని ఆవిడ నాన్నగారిని అడగడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

అద్దెకు మాట్లాడిన అంబాసిడర్ కారులో నాన్నగారు, అమ్మ, నాయనమ్మ, చిన్నాన్న, పిన్ని, మేము పిల్లలం నలుగురం ఎలా పట్టామో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది. పిన్ని డబ్బానిండా చేగోడీలు తెచ్చింది. తగరపువలస దగ్గరకు వచ్చేసరికి గోస్తనీ నది కనిపించింది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగివచ్చే ఆ నది ఇక్కడినుంచి మరికొంత దూరం నడిచి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది పక్కనే చిట్టివలస జూట్ మిల్లు అప్పటికి ఇంకా నడుస్తోంది. నాన్నగారు కారు ఆపించి, మిల్లు గేటు ముందు నిలబడ్డ లారీలను చూపించి, గోగునార గురించి చెప్పడం మొదలుపెట్టారు. గోంగూర జాతి మొక్కే అయిన గోగును కోసి, కట్టలు కట్టి, చెరువుల్లో నానవేసి, కుళ్ళిన తరువాత నార వలిచి ఆరబెడతారు. మా ప్రాంతంలో పెరిగిన వారెవరూ ఆ చెరువుల వాసనను మరిచిపోలేరు. ఆ నార భీమిలి రేవునుంచి విదేశాలకు వెళ్ళింది కాబట్టి ప్రపంచమంతటా వర్తకులు దానిని "బిమ్లి జూట్" అని పిలిచారట. "మన చెరువు నీళ్ళలో నానిన నారకు మన ఊరి పేరు పెట్టి ఎక్కడో సముద్రాల అవతల అమ్ముకున్నారు" అని ఆయన చెబుతున్నప్పుడు ఆ కంఠంలో వినిపించిన గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది.

భీమిలిలోకి దిగే రోడ్డు మీద మొదట చెట్లు, ఆ తరువాత పెంకుటిళ్ళు, వాటి మధ్య ఎత్తైన అరుగులూ పెద్ద పెద్ద స్తంభాలూ ఉన్న పాత బంగళాలు, వాటి వెనుక నీలంగా సముద్రం కనిపించాయి. విశాఖపట్నంలో సముద్రం నగరానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. భీమిలిలో మాత్రం వీధి చివర, రెండు గోడల మధ్య, బడి ప్రాంగణం వెనుక, ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ ఎదురవుతుంది. ఆ ఊరి అందమంతా ఈ పొందికలో ఉందని నాకు అనిపిస్తుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాత బంగళాలో చిన్నాన్న తన స్నేహితుని ద్వారా గదులు మాట్లాడి ఉంచారు. సామాను అక్కడ పడేసి, నాన్నగారు మమ్మల్ని నేరుగా డచ్చివారి శ్మశానానికి తీసుకువెళ్ళారు. సెలవుకు వచ్చిన పిల్లలను మొదట శ్మశానానికి తీసుకువెళ్ళడం ఏమిటని అమ్మ గట్టిగానే అడిగింది. ఆయన వినలేదు.

ఆ సమాధులు మేము ఊహించుకున్నట్టు భయంకరంగా లేవు. కొన్ని పిరమిడ్‌లాగా పైకి సన్నబడుతూ, కొన్ని పలకలుగా నేలను అంటుకుని, ఉప్పుగాలికి నల్లబడి ఉన్నాయి. డచ్చి వర్తకులు 17వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడి, బట్టలూ ధాన్యమూ కొని ఓడలకెక్కించేవారు. 1824లో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ జరిగిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది ఈ తీరంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. 1861 నాటికే భీమిలికి పురపాలక సంఘం ఏర్పడిందంటే ఆ రోజులలో ఈ ఊరికి ఎంత ప్రాముఖ్యం ఉండేదో ఆలోచించమని నాన్నగారు అన్నారు. ఆ తరువాత ఏమయిందో కూడా ఆయనే చెప్పారు. 1890లలో మద్రాసు, కలకత్తా నగరాలను కలిపే రైలుమార్గం సముద్రానికి దూరంగా, విజయనగరం మీదుగా వెళ్ళింది. 1933 డిసెంబరులో విశాఖపట్నంలో ఓడలు లోపలికి వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడే హార్బరు ప్రారంభమయింది. భీమిలిలో అటువంటి వసతి లేదు. ఓడ సముద్రంలోనే దూరంగా లంగరు వేసుకుని ఉండేది. సరుకునూ మనుషులనూ మసూలా పడవలలో అలలు దాటించి దానిదాకా తీసుకువెళ్ళవలసి వచ్చేది. గట్టుకు తగిలే ఓడ ఒకచోట, ఇంటి ముందుకు వచ్చే రైలు మరొకచోట ఉన్నప్పుడు వర్తకుడు ఈ ఒడ్డున ఎందుకు నిలబడతాడు? "ఈ ఊరి అన్నం తీసుకుపోయింది మా బండేరా" అని నాన్నగారు ఒక సమాధి అంచున కూర్చుని అన్నారు. తాను జీతం తీసుకునే రైల్వేను గురించి ఆయన అంత బాధగా మాట్లాడడం నేను మరెప్పుడూ వినలేదు.

మసూలా పడవ గురించి ఆయన చెప్పినది నాకు ఎంతో నచ్చింది. ఆ పడవకు మేకులు ఉండేవి కావట. చెక్కలను కొబ్బరి తాళ్ళతో కుట్టి కట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఈ తీరంలో విరిగే అలలకు పగిలిపోతుంది. కుట్టిన పడవ అల తాకినప్పుడు వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఓడలు కట్టడంలో ఆరితేరిన ఐరోపావారు కూడా ఈ అలలు దాటడానికి మన జాలర్లు కుట్టిన పడవనే నమ్ముకున్నారన్న సంగతి పాఠ్యపుస్తకాలలో ఎందుకు లేదో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కారులో కొద్దిదూరంలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాము. సముద్రం పక్కనే అంత ఎర్రటి నేల ఉంటుందని చూసినవారికి తప్ప నమ్మకం కలగదు. వేల ఏళ్ళ క్రితం, సముద్రమట్టం ఇప్పటికంటే దిగువన ఉన్న కాలంలో, బయటపడిన ఇసుకను గాలి మోసుకువచ్చి పోగుచేసింది. అందులోని ఇనుము కాలక్రమాన తుప్పుపట్టి ఇసుకకు ఈ రంగు తెచ్చింది. వాననీళ్ళు కోసిన లోయలలో మేము పిల్లలం పరుగులు తీసి, బట్టలన్నీ ఎర్రగా చేసుకుని, అమ్మ చేత చీవాట్లు తిన్నాము. ఆ రోజులలో అక్కడ మనుషులే కనిపించేవారు కాదు. తమిళనాడు దక్షిణ తీరంలోని తేరి ఇసుక మినహాయిస్తే మన దేశంలో ఇటువంటి నేల అరుదు. కాబట్టి భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించడం ఎంతో న్యాయం. ఇక ఆ దిబ్బలలో ఒక్క తట్ట మట్టి కూడా కదలకుండా కాపాడుకోవడం మన బాధ్యత.

సాయంత్రం గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి నడిచాము. నది నీరు గోధుమ రంగులో, సముద్రం ఆకుపచ్చగా, రెండూ కలిసిన చోట ఒక గీత గీసినట్టుగా ఉంది. ఒడ్డున రెండు బారులుగా నిలబడిన జాలర్లు పెద్ద వలను లాగుతున్నారు. అడుగు వెనక్కి వేసినప్పుడల్లా అందరూ కలిసి ఒక పదం పాడేవారు. లాగడం పూర్తయి వల ఒడ్డుకు చేరేలోగా తట్టలతో ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. వలలో పడ్డ వెండి రంగు చేపల మధ్య ఒక చిన్న పీత బయటపడి మా చెల్లెలి కాలివైపు పరుగెత్తింది. చెల్లెలు నవ్వాలో ఏడవాలో తెలియక నాయనమ్మ కొంగు పట్టుకుని గెంతింది. నాన్నగారు జాలర్లతో మాటలు కలిపి, వారి తాతల కాలంలో ఓడలు ఎక్కడ నిలిచేవో అడిగారు. ఒక పెద్దాయన లేచి నిలబడి, చేయి చాచి, సముద్రంలో ఒక చోటు చూపించాడు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా మేమందరం చాలాసేపు అటే చూశాము.

ఆ రాత్రి బంగళా వరండాలో చాపలు వేసుకుని కూర్చున్నప్పుడు నాయనమ్మ తన అన్నయ్య కథ చెప్పింది. అంతకుముందు ముక్కలు ముక్కలుగా విన్న కథే గానీ, అలల చప్పుడులో విన్నప్పుడే అది నాకు పూర్తిగా అర్థమయింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆయన పనిచేసే బియ్యపు మిల్లు మూతపడింది. ఓడలలో చోటు దొరకని వేలాదిమంది మనవాళ్ళతో కలిసి, ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి, ఆకలితో, జ్వరాలతో, దారిలో ఎందరినో పోగొట్టుకుంటూ ఆయన నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయన్న వార్త పల్లెకు చేరినప్పుడు ఇక ఆయన మీద ఆశ వదులుకున్నారట. నాయనమ్మ తల్లి మాత్రం కళింగపట్నం వెళ్ళివచ్చే ప్రతి మనిషినీ, రంగూన్ పడవ ఏమైనా వచ్చిందా అని అడిగేది. ఆయన పడవమీద రాలేదు. కలకత్తా నుంచి రైలులో వచ్చి, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనులో దిగి, అక్కడినుంచి ఇంటికి నడిచివచ్చారు. గడపలో నిలబడ్డ మనిషిని తల్లి మొదట పోల్చుకోలేకపోయిందట. ఈ మాట దగ్గర నాన్నగారు తల ఎత్తి నాయనమ్మ వైపు చూశారు. శ్మశానంలో తాను నిందించిన రైలే తన మేనమామను ఇంటికి చేర్చిందని అప్పుడు ఆయన అనుకుని ఉంటారా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాము. హైవే మీద రణస్థలం, శ్రీకాకుళం, నాగావళి వంతెన, వరుసగా వచ్చి వెళ్ళాయి. శ్రీకూర్మంలో కూర్మావతారంలో ఉన్న స్వామి దర్శనం చేసుకుని, గుడిలోని రెండు ధ్వజస్తంభాలనూ పిల్లలకు చూపించి, ఎండ ముదరకముందే శాలిహుండం చేరాము.

శాలిహుండం కొండ ఎక్కడానికి నాయనమ్మకు చిన్నాన్న చేయి ఇచ్చారు. కొండమీద ఇటుకలతో కట్టిన స్తూపాలు, గుండ్రని చైత్యాలు, భిక్షువుల నివాసాల పునాదులు మెట్టుమెట్టుగా పరుచుకుని ఉన్నాయి. పైనుంచి చూస్తే ఒక వైపు ఒడిశా కొండలనుంచి వచ్చే వంశధార ఇసుకల మధ్య పాయలుగా సాగుతూ, దూరాన సముద్రం వైపు తిరుగుతుంది. భిక్షువులు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పనవసరం లేదు. నదిలో వచ్చే పడవకూ, సముద్రంలో వచ్చే పడవకూ ఇక్కడి దీపం కనిపించి ఉంటుంది. ఈ శిథిలాలను 1919లో గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా, సవర భాషకు సేవ చేసిన పండితునిగా మనమందరం తలుచుకునే ఆయన, ఈ నది ఒడ్డున పుట్టి పెరిగి, ఈ దిబ్బలను కూడా శ్రద్ధగా చూశారన్న సంగతి చాలామందికి తెలియదు. అక్కడి బౌద్ధ దేవతలు తారాదేవి, మారీచి విగ్రహాల ముందు పిన్ని చేతులు జోడించి నిలబడింది. ఏ దేవతో తెలియకపోయినా దండం పెట్టుకోవడంలో తప్పులేదని ఆవిడ అన్నమాట నాకు సబబుగానే తోచింది.

కళింగపట్నం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భీమిలిలాగా ఇక్కడ ఊరు సముద్రానికి ఆనుకుని లేదు. ఊరు దాటి, సరుగుడు తోటలూ తాటిచెట్లూ దాటి, విశాలమైన ఇసుక మైదానంలోకి రావాలి. తెల్లటి దీపస్తంభం ఒక్కటే నిటారుగా నిలబడి ఉంటుంది. దారిలో ఒక ముసలమ్మ కాల్చిన తేగల కట్టలు అమ్ముతుంటే చిన్నాన్న కొన్నారు. వాటిని చీల్చి, మధ్యలో ఉండే చందమామ అనే మొలకను తీసి పారేసి, పీచు పీచుగా నములుతూ ఒడ్డువైపు నడిచాము. నాయనమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా ముందు నడిచింది. కొంతదూరం వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి దీపస్తంభాన్ని చూసి, మళ్ళీ పక్కకు జరిగి, "ఇక్కడే. మా అమ్మ ఇక్కడ నిలబడింది" అంది.

చిన్నాన్న నెమ్మదిగా, ఇన్నేళ్ళలో సముద్రం ఎంత ముందుకు వచ్చిందో, ఎంత వెనక్కి వెళ్ళిందో, వంశధార ఎన్నిసార్లు దారి మార్చుకుందో, ఆ చోటు ఇదేనని ఎలా చెప్పగలమని అన్నారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. దీపస్తంభం భుజం మీదుగా ఏ చెట్లు కనిపించాయో, మసూలా పడవను ఎటునుంచి తోశారో, అన్నయ్య ట్రంకుపెట్టె మీద తాడు ఎన్ని చుట్లు చుట్టారో, మొదటి అలకు పడవ ముక్కు ఎలా లేచిందో, రెండో అలకు అందులోని వాళ్ళందరూ తడిసి ఎలా కేకలు వేశారో ఒక్కొక్కటీ చెప్పింది. ఓడ చాలా దూరంలో, చిన్నదిగా, పొగ కక్కుతూ నిలబడి ఉందట. అంత చిన్న ఓడలో అన్నయ్య ఎలా పడతాడా అని తాను బెంగపడిందట. ఆ మాట చెప్పి ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాము. నాన్నగారు మాత్రం నాయనమ్మ చూపించిన చోటే సరైనదని తీర్పు చెప్పి, చిన్నాన్నను ఇక మాట్లాడనివ్వలేదు. కొలతలు తప్ప మరేదీ నమ్మని మనిషి ఆ ఒక్కసారి కొలత అడగలేదు. నాకు నాన్నగారి మీద ఉన్న ప్రేమలో ఆ తీర్పుకు పెద్ద భాగమే ఉంది.

తరువాత అందరం కలిసి నీళ్ళలోకి దిగాము. ఆ తీరంలో అల విరిగిన తరువాత వెనక్కి లాగే లాగుడు ఎక్కువ కాబట్టి మోకాలి లోతు దాటవద్దని నాన్నగారు ముందే హెచ్చరించారు. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నేను అంతవరకు ఎన్నడూ చూడనంత సంతోషంగా అలలకు ఎదురు నిలబడింది. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక పనిలో మునిగి ఉండే మనిషి ఆ గంటసేపూ ఏ పనీ లేకుండా నీళ్ళలో నిలబడింది. ఏ ఊరికైనా పిల్లలతో కలిసి వెళ్ళి రావలసిన అవసరం ఎందుకుందని అడిగేవారికి నేను అమ్మను గురించే చెబుతాను.

ఆ ప్రయాణం తరువాత తుఫాను వార్తలు మా ఇంట్లో వేరుగా వినిపించాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడినప్పుడల్లా రేడియోలో విశాఖపట్నంతో పాటు భీమునిపట్నం, కళింగపట్నం రేవులలో కూడా ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని చెప్పేవారు. ఇప్పటికీ చెబుతారు. ఓడలు రాకపోయినా ఆ పేర్లు రేవుల జాబితాలోంచి పోలేదని నాన్నగారికి సంతోషం. నాయనమ్మ ఉన్నంతకాలం, ఆ వార్త వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. 2014లో హుద్‌హుద్ ఈ తీరపు చెట్లను నేలకూల్చింది. 2018లో తిత్లీ శ్రీకాకుళం జిల్లా కొబ్బరి, జీడిమామిడి తోటలను తుడిచిపెట్టింది. 2021లో గులాబ్ కళింగపట్నానికి దగ్గరలోనే తీరం దాటింది. ప్రతిసారీ ఆ ఊళ్ళు తమంతట తామే లేచి నిలబడ్డాయి.

భీమిలి ఇప్పుడు చాలా మారింది. విశాఖపట్నం నుంచి వచ్చే బీచ్ రోడ్డు వెడల్పయింది, పురపాలక సంఘం మహానగరంలో కలిసిపోయింది, చిట్టివలస మిల్లు మూతపడింది. ఆదివారాలు కార్లు ఆపడానికి చోటు ఉండదు. జనం రావడం మంచిదే. కానీ వచ్చినవారు ఒక అరగంట వీధులలో నడిచి, ఆ పాత బంగళాలనూ, సమాధులనూ, గోస్తనీ కలిసే చోటునూ చూసి వెళితే ఊరి మాట వారికి కొంతైనా వినిపిస్తుందని నా ఆశ. కళింగపట్నంలో కొన్ని విగ్రహాలు, కాటేజీలు వచ్చాయి గానీ ఆ ఇసుక మైదానం ఇంకా అలాగే ఉంది.

మా పిల్లలను కూడా ఆ దారినే తీసుకువెళుతున్నాము. ఈసారి బారువ కూడా కలుపుదామని చెల్లెలు పట్టుబడుతోంది. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే ఆ ఊరూ ఒకప్పటి రేవే. పిల్లలకు మాత్రం అక్కడి ఒడ్డున గుడ్లనుంచి బయటపడే ఆలివ్ రిడ్లే తాబేటి పిల్లలను చూడాలని ఉంది. ఎనభై దాటిన నాన్నగారు కాగితం మీద దారి గీసి, ఎక్కడ ఎంతసేపు ఆగాలో గంటలతో సహా రాసి ఉంచారు. అందులో మొదటి మజిలీ ఈసారి కూడా డచ్చివారి శ్మశానమే. అమ్మ దానిని కొట్టివేసి, సాయంత్రానికి మార్చింది.